సీఎంఈ పాయింట్లు పెరుగుతున్నాయి సరే, మన డయాగ్నోసిస్ మెరుగవుతోందా? (ఒక కేసుతో చర్చ)

ఓపీ గది | ఆదివారం ఉదయం 10:15

పోయిన నెల ఈ డాక్టర్ల ఫోరంలో సీఎంఈ (డాక్టర్ల నిరంతర వైద్య విద్య) పాయింట్ల మీద పెద్ద రచ్చే జరిగింది. ఏ వెబినార్‌లో కెమెరా ఆపేసినా సర్టిఫికెట్ వస్తుంది, ఎక్కడ సంతకం పెట్టి మెల్లగా బయటికి రావచ్చు, ఇదే సరిపోయింది. పాయింట్లు కావాలి, కాదనను. ఆ గంటలన్నీ కూర్చున్నాక మర్నాడు ఓపీలో మనం ఆలోచించే తీరు ఏమైనా మారిందా అని మాత్రం ఎవరూ అడగలేదు. ఇక్కడ అడుగుదామని.

ఉత్త మాటలెందుకు, ఒక కేసు పెడతాను. ఎవరూ గుర్తుపట్టకుండా వివరాలు మార్చాను, ఒకటికి మించిన కేసుల్లోంచి కలిపాను.

31 ఏళ్ల బాలింత. రెండో కాన్పు అయి నాలుగు వారాలు, మామూలు కాన్పే. రెండు వారాలుగా పొడి దగ్గు, కాస్త ఆయాసం. మొదటి డాక్టరు యాంటీబయాటిక్ రాశారు, తగ్గలేదు. రెండో చోట పిల్లికూతలు వినపడ్డాయని నెబులైజేషన్ పెట్టి, ఆస్తమా మొదలవుతోందని ఇన్హేలర్ ఇచ్చారు. రెండు రోజులు కొంచెం నయమనిపించింది. ఇది మూడో విజిట్. జ్వరం లేదు. పల్స్ 114, బీపీ 126/84, శ్వాస నిమిషానికి 24, సాచురేషన్ 95. రెండు వైపులా అక్కడక్కడా పిల్లికూతలు. చేతిలో పాత చీటీ, దాని మీద "ఆస్తమా" అని రాసి ఉంది.

రూల్ ఒక్కటే. టెస్టుల పేర్లు రాయొద్దు. ముందు ఏం అడుగుతారో రాయండి.

కొత్త స్టెత్ | ఆదివారం ఉదయం 10:52

సార్, ముందు ఇన్హేలర్ ఎలా వాడుతోందో నా ఎదురుగా పీల్చి చూపించమంటాను. సగం మంది తప్పుగా పీలుస్తారు, మందు గొంతులోనే ఆగిపోతుంది. ఇంట్లో ఎవరికైనా ఆస్తమా ఉందా, చిన్నప్పుడు ఎలర్జీలు ఉండేవా అడుగుతాను. పల్స్ సాల్బుటమాల్ (ఇన్హేలర్‌లోని మందు) వల్ల పెరిగి ఉంటుంది. నాలుగైదు రోజులు స్టెరాయిడ్ ఇచ్చి చూస్తాను.

రాత్రి డ్యూటీ | ఆదివారం ఉదయం 11:20

బాలింత, ఆయాసం, పల్స్ 114. క్లాట్ (ఊపిరితిత్తుల్లో రక్తం గడ్డ) కాదని తేలేదాకా నాకు టెన్షనే. కాలు ఒకవైపే వాచిందా, ఊపిరి పీలిస్తే గుచ్చినట్టు నొప్పి ఉందా, దగ్గులో రక్తం పడిందా, ముందెప్పుడైనా క్లాట్ వచ్చిందా? ఇవి అడిగి డీ-డైమర్ (గడ్డ ఉందేమో చూసే రక్తపరీక్ష) పంపుతాను. రూల్ తప్పానని తెలుసు.

బేయెస్ అభిమాని | ఆదివారం మధ్యాహ్నం 12:05

రాత్రి డ్యూటీ మేడమ్, అనుమానం సరైనదే. కాన్పు తర్వాత మొదటి ఆరు వారాలు క్లాట్ భయం నిజంగానే ఎక్కువ. కానీ డీ-డైమర్ గర్భంలోనే పెరుగుతూ వస్తుంది, కాన్పయ్యాక కొన్ని వారాల దాకా పూర్తిగా దిగదు. ఈవిడలో పాజిటివ్ వస్తే దాని అర్థం ఏంటి? దాదాపు ఏమీ లేదు. ఆ పాజిటివ్ చూశాక మీరు సీటీకి పంపక తప్పదు. అలాంటప్పుడు సీటీ అవసరమా కాదా అన్నది ఇప్పుడే తేల్చుకోవడం నయం. జవాబు ఏదొచ్చినా చేసే పని మారకపోతే ఆ టెస్టు రాయడం దేనికి?

సందర్భం వచ్చింది కాబట్టి ఒక పాత లెక్క. వెయ్యి మందిలో ఒకరికి ఉండే జబ్బు. టెస్టులో ఫాల్స్ పాజిటివ్ (జబ్బు లేనివాళ్లకి ఉందని చూపడం) 5 శాతం. ఒకరికి పాజిటివ్ వచ్చింది, జబ్బు నిజంగా ఉండే అవకాశం ఎంత? 1978లో హార్వర్డ్ ఆస్పత్రుల్లో 60 మంది డాక్టర్లను, విద్యార్థులను ఇదే అడిగితే సరిగ్గా చెప్పింది 11 మంది. ఎక్కువమంది చెప్పింది 95 శాతం. సరైన జవాబు సుమారు 2 శాతం: వెయ్యి మందికి చేస్తే ఒక్క నిజమైన పేషెంటు, దాదాపు 50 మంది ఊరికే పాజిటివ్. 2014లో మళ్ళీ అడిగారు, 61 మందిలో 14 మందికి వచ్చింది. ముప్ఫై ఆరేళ్లలో మనం సాధించిన ప్రగతి అది.

నాడిపట్టు | ఆదివారం మధ్యాహ్నం 1:40

భోజనం చేసి వచ్చేసరికి టెస్టుల మీదే పడ్డారు అందరూ. అడగమన్నది ప్రశ్నలు కదయ్యా.

నేనైతే మొదట చీటీ బోర్లా పెడతాను. నిజంగానే. "ఆస్తమా" అన్న మాట కంటికి కనిపిస్తుంటే చెవికి ఇంకేదీ వినపడదు. తర్వాత ఇవి:

రాత్రి ఎలా పడుకుంటున్నావమ్మా? వెల్లకిలా పడుకుంటే దగ్గు ఎక్కువవుతుందా? ఎన్ని దిండ్లు పెట్టుకుంటున్నావు? కాన్పుకి ముందు ఎన్ని?

నిద్రలో ఊపిరాడక లేచి కూర్చున్నావా?

పిల్లను ఎత్తుకుని గదిలోంచి గదిలోకి నడిస్తే ఆయాసం వస్తోందా? పోయిన వారం ఎలా ఉండేది?

కొత్త స్టెత్ తమ్ముడికి ఒక ప్రశ్న. పల్స్ సాల్బుటమాల్ వల్ల అన్నావు. మందు పెట్టక ముందు పల్స్ ఎంతో చూశావా?

1975లో ఇంగ్లండ్‌లో హాంప్టన్ బృందం కొత్తగా ఓపీకి వచ్చిన 80 మందిని ఇలాగే చూసింది. రిఫరల్ లెటర్ చదివి, హిస్టరీ తీసుకున్నాక అనుకున్న డయాగ్నోసిస్ 66 మందిలో చివరిదాకా నిలబడింది. ఎగ్జామినేషన్ వల్ల మారింది 7 మందిలో, ల్యాబ్ వల్ల మరో 7 మందిలో. అప్పటి టెస్టులు వేరు, ఇప్పటివి వేరు, ఒప్పుకుంటాను. అయినా హిస్టరీ ఇప్పటికీ మన దగ్గరున్న అన్నిటికన్నా చవకైన టెస్టు.

కొత్త స్టెత్ | ఆదివారం మధ్యాహ్నం 1:58

మందుకి ముందు పల్స్ అన్న ఆలోచనే రాలేదు సార్.

ఓపీ గది | ఆదివారం సాయంత్రం 5:30

నాడిపట్టు గారు అడిగారు కాబట్టి రెండో విడత.

దిండ్లు మూడు. కాన్పుకి ముందు ఒకటి. నాలుగు రోజులుగా కుర్చీలోనే కునుకు తీస్తోంది. ఎందుకని అడిగితే "పాప రాత్రంతా పాలకి లేస్తుంది, కుర్చీలో అయితే సుఖం" అంది. పక్కన ఉన్న తల్లి కూడా అవునంది. పైకి వినడానికి ఎంత మామూలుగా ఉందో చూడండి. "పాప నిద్రపోతున్నప్పుడు మంచం మీదికి వెళ్ళి పడుకోవచ్చు కదా?" అని ఇంకో ప్రశ్న వేస్తే గానీ "పడుకుంటే దగ్గు తెరలు తెరలుగా వస్తుంది, గుండెల మీద ఎవరో కూర్చున్నట్టు ఉంటుంది" అన్న మాట బయటికి రాలేదు.

రెండు కాళ్లకీ నీరు. కాన్పు తర్వాత మామూలేనని ఇంట్లో అన్నారు, రెండో డాక్టరూ అన్నారు. కాన్పు నాటి నీరు సాధారణంగా మొదటి ఒకటి రెండు వారాల్లో దిగిపోతుంది. ఈవిడకి మూడో వారంలో మొదలైంది. అది చీటీలో లేదు, ఎవరూ అడగలేదు.

ఇక పల్స్. రెండో చోట ఇచ్చిన చీటీ వెనక నర్సు పెన్సిల్‌తో రాసిపెట్టింది: నెబులైజేషన్‌కి ముందు 112, తర్వాత 126. డాక్టరు 126 చూసి మందు వల్లే అనుకున్నారు. పక్కనే ఉన్న 112 గురించి ఎవరూ ఆలోచించలేదు.

కొత్త స్టెత్ | ఆదివారం సాయంత్రం 5:41

పెరిపార్టమ్ కార్డియోమయోపతీ (కాన్పు రోజుల్లో గుండె కండరం బలహీనపడే జబ్బు)?? ఇది పీజీ ఎంట్రన్స్‌లో చదివాను సార్. గర్భం ఆఖరి నెల నుంచి కాన్పు తర్వాత ఐదు నెలల లోపు, గుండె ఫెయిల్యూర్‌కి వేరే కారణం కనపడకూడదు, ఈఎఫ్ (గుండె పంపింగ్) 45 శాతం కన్నా తక్కువ. ఎంసీక్యూలో అడిగితే కళ్లు మూసుకుని పెట్టేవాణ్ని. ఇక్కడ తట్టనే లేదు.

ఓపీ గది | ఆదివారం సాయంత్రం 6:10

అదే. ఈసీజీలో సైనస్ టాకీకార్డియా (గుండె వేగంగా కొట్టుకోవడం) తప్ప పెద్దగా ఏమీ లేదు. ఎక్స్-రేలో గుండె పెద్దదిగా ఉంది, రెండు వైపులా నీరు చేరింది. అదే రోజు రిఫర్ చేస్తే ఎకోలో (గుండె స్కాన్) పంపింగ్ 30 శాతం. అక్కడ సీటీ కూడా తీశారు, క్లాట్ లేదు. చికిత్స గురించి ఇక్కడ వద్దు, అది కార్డియాలజీ వాళ్ల చేతిలో పని. మన చేతిలో ఉన్నది ఆ పది రోజుల ఆలస్యం.

ఇప్పుడు అసలు ప్రశ్న. కొత్త స్టెత్‌కి విషయం తెలుసు, క్రైటీరియాతో సహా తెలుసు. మరి ఎక్కడ ఆగిపోయింది? దాన్ని ఏ లెక్చర్ సరిచేస్తుంది?

బేయెస్ అభిమాని | ఆదివారం రాత్రి 8:25

ముందు ఒక చిన్న సవరణ, నాడిపట్టు గారు ఏమనుకోవద్దు. దిండ్ల ప్రశ్న మంత్రం కాదు. 2005లో జామా అనే వైద్య పత్రికలో వచ్చిన సమీక్షలో, ఎమర్జెన్సీకి ఆయాసంతో వచ్చినవాళ్లలో హార్ట్ ఫెయిల్యూర్‌కి, పడుకుంటే ఆయాసం అనే లక్షణం లైక్లీహుడ్ రేషియో (అది ఉంటే అనుమానం ఎన్ని రెట్లు పెరుగుతుందో చెప్పే అంకె) 2.2 మాత్రమే. రాత్రి నిద్రలో ఊపిరాడక లేవడం 2.6. మూడో గుండె చప్పుడు 11. ఆస్తమా వాళ్లకీ రాత్రిళ్లు ఎక్కువవుతుంది కదా.

లెక్క కట్టి చూపిస్తాను. మొదట్లో మీ అనుమానం 10 శాతం అనుకోండి, అంటే ఒకటికి తొమ్మిది. దిండ్ల జవాబుతో 2.2 రెట్లు చేస్తే సుమారు 20 శాతం. దాంతో డయాగ్నోసిస్ తేలదు. కానీ 20 శాతం అన్నాక పేషెంటుని ఎడమవైపు ఒత్తిగిలించి, స్టెతస్కోప్ బెల్ వైపు పెట్టి, ఫ్యాన్ ఆపి వినాలనిపిస్తుంది. అక్కడ మూడో చప్పుడు నిజంగా వినపడితే 70 దాటుతుంది. (రెండు లక్షణాలూ ఒకదానితో ఒకటి సంబంధం లేనివి అనుకుని కట్టిన లెక్క ఇది, కాబట్టి నిజం కాస్త తక్కువే ఉంటుంది. మూడో చప్పుడు వినడంలో ఇద్దరు డాక్టర్లకి కుదరకపోవడమూ మామూలే.)

ఒక్క ప్రశ్న అడిగితే డయాగ్నోసిస్ ఊడిపడుతుందని కుర్రవాళ్లు అనుకోకూడదని ఇంత రాశాను.

నాడిపట్టు | ఆదివారం రాత్రి 8:50

ఏమీ అనుకోను బాబూ. నేను ఒక్క ప్రశ్న రాయలేదు, మూడు రాశాను. పైగా ఎప్పట్నుంచి, ముందు ఎలా ఉండేది అని కలిపి అడిగాను. నీ 2.2లో ఆ మార్పు ఉండదు. జన్మంతా మూడు దిండ్లు వేసుకునే మనిషి వేరు, నాలుగు వారాల కిందట ఒక దిండుతో పడుకున్న మనిషి వేరు.

బేయెస్ అభిమాని | ఆదివారం రాత్రి 8:57

అది ఒప్పుకుంటున్నాను సార్.

రాత్రి డ్యూటీ | ఆదివారం రాత్రి 9:30

ఎక్కడ ఆగిపోయింది అన్నదానికి నా జవాబు: "ఆస్తమా" అన్న మాట దొరకగానే వెతకడం ఆగిపోయింది. 2005లో గ్రేబర్ బృందం ఇంటర్నల్ మెడిసిన్‌లో 100 డయాగ్నోస్టిక్ ఎర్రర్లను విడదీసి చూసింది. ఆలోచనలో జరిగిన తప్పుల్లో అన్నిటికన్నా ఎక్కువ ఇదే, ముందే తలుపు మూసేయడం. తెలియకపోవడం వల్ల జరిగినవి చాలా తక్కువ.

కాబట్టి బయాస్‌ల (ఆలోచన పక్కదారి పట్టే తీరుల) మీద ట్రైనింగ్ కావాలి. యాంకరింగ్ (మొదటి మాటకే అంటుకుపోవడం), అవైలబిలిటీ (ఈమధ్య చూసిందే తట్టడం), ఇవన్నీ పేర్లతో సహా నేర్పాలి.

బేయెస్ అభిమాని | ఆదివారం రాత్రి 10:05

ఇక్కడ నేను ఒప్పుకోను మేడమ్. బయాస్‌ల పేర్లు బట్టీ పట్టిస్తే తప్పులు తగ్గుతాయని గట్టిగా చూపించిన ట్రయల్స్ పెద్దగా లేవు. కెనడాలోని మెక్‌మాస్టర్ యూనివర్సిటీలో జెఫ్ నార్మన్ లాంటివాళ్లు చాలా కాలంగా చెప్పేది ఏంటంటే, త్వరగా ఆలోచించడం వల్ల తప్పు రాదు, ఆ కేసుకి సంబంధించిన జ్ఞానం సరిగ్గా అమరి లేకపోతే వస్తుంది. ఫలితం తెలిశాక ఏ తప్పునైనా తీసుకుని ఏదో ఒక బయాస్ పేరు అంటించడం తేలిక.

కొత్త స్టెత్ సంగతే చూడండి. ఆయన బుర్రలో ఈ జబ్బు "పెరిపార్టమ్" అన్న పేరు కింద దాచి ఉంది. పేషెంటు మాత్రం ఆ పేరుతో రాదు, "దగ్గు తగ్గట్లేదు డాక్టర్ గారూ" అని వస్తుంది. జబ్బు పేరు నుంచి లక్షణాలకి వెళ్ళే దారి పరీక్షల కోసం వేసుకున్నాం. లక్షణం నుంచి జబ్బుకి వచ్చే దారి వేరేగా వేసుకోవాలి. మన సీఎంఈలన్నీ ఇప్పటికీ మొదటి దారిలోనే నడుస్తాయి: "హార్ట్ ఫెయిల్యూర్‌లో కొత్త పోకడలు". "తగ్గని దగ్గు, ఆరుగురు పేషెంట్లు" అన్న సెషన్ ఒక్కటి చూపించండి.

ఫార్మా వద్దు | ఆదివారం రాత్రి 10:20

ఎలా ఉంటుందండీ? "తగ్గని దగ్గు"కి స్పాన్సర్ ఎవరు? "కొత్త పోకడలు" అంటే కొత్త మాత్ర. ఏ జబ్బుకి కొత్త మందు వచ్చిందో ఆ జబ్బే మనకి ఆ ఏడాది సిలబస్.

లెక్చర్లు పనిచేయవని ఇప్పుడు కొత్తగా తెలిసిందేమీ కాదు. 1999లో డేవ్ డేవిస్ బృందం ట్రయల్స్‌ని కలిపి చూస్తే ఉత్త లెక్చర్లు డాక్టర్ల ప్రాక్టీసులో మార్పు తేలేకపోయాయి. పాల్గొనేవాళ్లు ఏదో చేయాల్సి వచ్చే సెషన్లు, అందులోనూ మధ్యలో విరామం ఇచ్చి మళ్ళీ కలిసేవి, కాస్త మార్పు తెచ్చాయి. అయినా వంద మందిని చల్లటి హాల్లో కూర్చోబెట్టి స్లైడ్లు చదవడం మానారా?

మధ్యాహ్నం ఓపీ | సోమవారం ఉదయం 7:10

రాత్రంతా చదివాను, బాగుంది. కానీ నా ఓపీకి వచ్చి చూడండి. ఒక్కొక్కరికి నాలుగు నిమిషాలు కూడా రావు. తలుపు బయట గొడవ, లోపల ఇద్దరు, ఫోన్‌లో మూడో వాళ్లు. అందులో ఎడమవైపు ఒత్తిగిలించి, ఫ్యాన్ ఆపి... నవ్వొచ్చింది. మీ లెక్కలు తీరికున్నవాళ్లకి.

నాడిపట్టు | సోమవారం ఉదయం 7:45

అమ్మా, అందరికీ ఇలా చేయమని ఎవరూ అనట్లేదు. జలుబుకి ఈ బేయెస్ లెక్కలు ఎందుకు? ఎవరి దగ్గర ఆగాలో తెలిస్తే చాలు. నేను ముగ్గురి దగ్గర ఆగుతాను. ఒకే బాధతో మూడోసారి వచ్చినవాళ్లు. నేను ఇచ్చిన మందు పనిచేయాల్సిన రీతిలో పనిచేయనివాళ్లు. నేను రాసిన డయాగ్నోసిస్‌లో ఇమడని ఒక అంకె ఉన్నవాళ్లు, అంటే ఈ 112 లాంటిది. ఈ ముగ్గురినీ కొత్త పేషెంట్‌లా మొదటి నుంచి మొదలుపెడతాను. ఓపీ మొత్తంలో అలాంటివాళ్లు కొద్దిమందే ఉంటారు.

వాళ్లకి కూడా ఆ పూట టైమ్ లేకపోతే బల్ల పక్కన కూర్చోబెట్టు, రద్దీ తగ్గాక చూడు. వెళ్ళిపోనివ్వకు.

ఆస్ట్రేలియా జీపీ (ఫ్యామిలీ డాక్టర్) జాన్ మర్టాగ్ చెప్పిన ఐదు ప్రశ్నలు నా బల్ల అద్దం కింద ఉంటాయి. ఎక్కువ అవకాశం ఉన్నది ఏది? అస్సలు వదలకూడనిది ఏది? తరచూ జారిపోయేది ఏది? వేషం మార్చుకుని వచ్చేవి ఏమైనా ఉన్నాయా: డిప్రెషన్, షుగర్, మందులు, రక్తహీనత, థైరాయిడ్, వెన్నుపూస, మూత్రంలో ఇన్ఫెక్షన్? ఆఖరిది, ఈ మనిషి నాతో ఇంకేదైనా చెప్పాలనుకుంటోందా? రెండో ప్రశ్న ఒక్కటి వేసుకున్నా ఈ బాలింత విషయంలో క్లాట్, గుండె రెండూ బుర్రలోకి వచ్చేవి.

మధ్యాహ్నం ఓపీ | సోమవారం మధ్యాహ్నం 2:15

ఇమడని అంకె అన్నది పట్టుకున్నాను సార్. ఇవాళే వాడాను. ఏమీ దొరకలేదు, అయినా నిమిషం కన్నా ఎక్కువ పట్టలేదు.

ఫార్మా వద్దు | సోమవారం మధ్యాహ్నం 3:00

నాడిపట్టు గారు చెప్పేవన్నీ బాగానే ఉన్నాయి గానీ, సీనియారిటీతో ఇవన్నీ వాటంతట అవే వస్తాయని కుర్రవాళ్లు అనుకోకూడదు. 2005లో చౌధరీ తదితరులు 62 అధ్యయనాలు కలిపి చూస్తే, సగానికి పైగా వాటిలో ప్రాక్టీసు ఏళ్లు పెరిగేకొద్దీ పనితీరు తగ్గుతున్నట్టే కనిపించింది. ఇది మిమ్మల్ని ఉద్దేశించి కాదు సార్ 🙂

నాడిపట్టు | సోమవారం మధ్యాహ్నం 3:20

నన్నే అను, తప్పేం లేదు. అందుకే కదా ఈ వయసులో మీ పోస్టులు చదువుతున్నాను.

ఓపీ గది | సోమవారం రాత్రి 9:00

అందరూ చుట్టూ తిరిగి నేను చెప్పాలనుకున్న చోటికే వచ్చారు.

ఈ బాలింతని మొదట చూసిన ఇద్దరు డాక్టర్లకి ఎకో రిపోర్టు చేరిందా? లేదు. మొదటి ఆయన దృష్టిలో ఆవిడ మళ్ళీ రాలేదు కాబట్టి యాంటీబయాటిక్ పనిచేసింది. రెండో ఆయన దృష్టిలో ఇన్హేలర్ పనిచేసింది. ఇద్దరి అనుభవంలోనూ ఇది ఒక విజయంగా లెక్కలో చేరింది. రేపు ఇలాంటి కేసే వస్తే ఇంకాస్త ధైర్యంగా అదే రాస్తారు. సర్జన్ తప్పు చేస్తే కుట్లు చెబుతాయి. మన దగ్గర తిరిగి రాని పేషెంటు బాగుపడిందో, ఇంకో డాక్టరు దగ్గరికి పోయిందో చెప్పేవాళ్లు ఉండరు. ఏళ్లతో పనితీరు ఎందుకు తగ్గుతుందో ఫార్మా వద్దు గారి లెక్కకి నాకు తోచిన కారణాల్లో ఇదొకటి.

2013లో మేయర్, హర్దీప్ సింగ్ తదితరులు 118 మంది డాక్టర్లకి కేసులు ఇచ్చారు. తేలిక కేసుల్లో సరైన జవాబు 55.3 శాతం. కష్టమైనవాటిలో 5.8 శాతం. ఇంత పడిపోయినప్పుడు ధైర్యం ఎంత పడాలి? పదికి 7.2 నుంచి 6.4కి దిగింది, అంతే. అంటే "నాకు అనుమానం రాలేదు" అన్న మాటకి విలువ లేదు. అనుమానం రావాల్సిన చోట రాకపోవడమే జబ్బు.

అందుకని నేను చేసేది చెబుతాను. చిన్న నోట్‌బుక్, ఒక్కో కేసుకి ఒక్క వరుస. రోజుకి అందరివీ కాదు, కాస్త అనుమానం మిగిలినవి ఒకటి రెండు. రాసేది ఇంతే: నా అంచనా, నా నమ్మకం ఎంత శాతం, ఏం కనిపిస్తే మనసు మార్చుకుంటాను, ఏ రోజు కనుక్కోవాలి. ఈ కేసు అయితే ఇలా ఉండేది:

"తగ్గని దగ్గు, బాలింత. ఆస్తమా 60. పల్స్ తగ్గకపోతే, పడుకోలేకపోతే ఎక్స్-రే, ఎకో. శుక్రవారం ఫోన్."

60 అని రాయగానే మిగిలిన 40 ఏంటి అని మనసు అడుగుతుంది. నా మట్టుకు ఆ నోట్‌బుక్ వల్ల సగం లాభం ఆ క్షణంలోనే ఉంది. మిగతా సగం నెలాఖర్లో. 80 శాతం నమ్మకం అని రాసినవాటిలో నిజంగా పదికి ఎనిమిది సరిపోయాయా లేదా చూసుకోవచ్చు.

రాత్రి డ్యూటీ | సోమవారం రాత్రి 9:35

ఫోన్ చేయడం ఓపీలో అయ్యే పనేనా అన్నది పక్కన పెడితే, పేషెంటే మనకి ఫీడ్‌బ్యాక్ తెచ్చేలా చేయొచ్చు. "తగ్గకపోతే రండి" అనేది ఎందుకూ పనికిరాదు. దేనితో తగ్గకపోతే? ఎన్నాళ్లకి? బ్రిటన్ జీపీ రోజర్ నైబర్ 1987లో దీనికి మూడు ప్రశ్నలు పెట్టాడు: నా అంచనా నిజమైతే ఏం జరుగుతుంది, తప్పయితే నాకెలా తెలుస్తుంది, అప్పుడేం చేస్తాను. నేను వాటినే పేషెంటు భాషలోకి మార్చి చెబుతాను:

"ఇది ఛాతీలో ఇన్ఫెక్షన్ అనుకుంటున్నానమ్మా. అదే అయితే శుక్రవారానికి దగ్గు సగం తగ్గాలి. తగ్గకపోతే మందు చాలలేదని కాదు, నేను అనుకున్న జబ్బు కాదేమో అని మళ్ళీ చూడాలి, నా దగ్గరికే రా. ఈలోపు పడుకుంటే ఊపిరాడకపోయినా, కాళ్లకి నీరు పట్టినా, గదిలో నడిస్తే ఆయాసం వచ్చినా శుక్రవారం దాకా ఆగొద్దు, ఆ పూటే రా. ఇప్పుడు నేను చెప్పింది ఒకసారి నాకు చెప్పు."

ఆఖరి వాక్యం ముఖ్యం. సగం మంది తిరిగి చెప్పలేరు. "నా దగ్గరికే రా" అనేది కూడా. తగ్గకపోతే డాక్టరుకి కోపమొస్తుందేమో, పేరు పోయిందనుకుంటాడేమో అని మొహమాటంతో వేరే చోటికి పోయేవాళ్లు ఎంతమందో.

మధ్యాహ్నం ఓపీ | సోమవారం రాత్రి 9:50

దీన్ని కాపీ చేసుకుంటున్నాను మేడమ్. నర్సుకి కూడా నేర్పిస్తాను, ఆవిడ నాకన్నా బాగా చెబుతుంది.

కొత్త స్టెత్ | సోమవారం రాత్రి 10:15

ఒక డౌట్. ఇవన్నీ అడగడానికి ఇప్పుడు ఏఐ ఉంది కదా. కేసు టైప్ చేస్తే డిఫరెన్షియల్ (ఏయే జబ్బులు కావచ్చో ఆ జాబితా) మొత్తం ఇచ్చేస్తుంది. మీ మొదటి పోస్టు పెట్టి చూశాను, నాలుగో పేరుగా పెరిపార్టమ్ ఇచ్చింది.

బేయెస్ అభిమాని | సోమవారం రాత్రి 10:40

ఇస్తుంది. ఎందుకంటే మొదటి పోస్టులో "కాన్పు అయి నాలుగు వారాలు" అని ఓపీ గది గారు ముందే రాసిపెట్టారు. నువ్వే టైప్ చేస్తే "31 ఏళ్ల స్త్రీ, ఆస్తమా, ఇన్హేలర్‌కి తగ్గట్లేదు" అని రాసేవాడివేమో. అప్పుడు అదీ నీలాగే ఇన్హేలర్ టెక్నిక్ గురించి చెప్పేది.

2024లో 50 మంది డాక్టర్లతో చేసిన ట్రయల్‌లో, మామూలు రిఫరెన్సులతో పాటు చాట్‌బాట్ కూడా ఇచ్చినవాళ్లకి, అది లేనివాళ్లకి డయాగ్నోస్టిక్ రీజనింగ్ స్కోరులో చెప్పుకోదగ్గ తేడా రాలేదు. అదే చాట్‌బాట్ ఒంటరిగా చేస్తే ఇద్దరికన్నా ఎక్కువ తెచ్చుకుంది. ఇందులో మనకి రెండు దెబ్బలున్నాయి. చక్కగా రాసిపెట్టిన కేసు మీద అది మనకన్నా మెరుగు. అది చెప్పినా మనం వినలేదు. కేసుని చక్కగా రాసిపెట్టే పని, అంటే దిండ్ల గురించి అడిగే పని, ఇప్పటికైతే మనదే.

ఫార్మా వద్దు | మంగళవారం ఉదయం 8:05

ఇంకో ప్రమాదం కూడా ఉంది, ఎవరూ అనలేదు. ఈ థ్రెడ్ చదివినవాళ్లంతా ఇవాళ్టి నుంచి దగ్గుతో వచ్చిన ప్రతి బాలింతకీ ఎకో రాస్తారు. 2010లో మమేదే బృందం రెసిడెంట్ల (ట్రైనింగ్‌లో ఉన్న డాక్టర్ల) మీద సరిగ్గా ఇదే చూపించింది. ఒక జబ్బుని ఇప్పుడే చూసినవాళ్లు, దాన్ని పోలిన వేరే జబ్బు వస్తే మొదటిదే అనుకున్నారు. అందులోనూ రెండో ఏడాది వాళ్లు మొదటి ఏడాది వాళ్లకన్నా ఎక్కువగా. ఏ ఆనవాళ్లు నా జవాబుకి సరిపోతున్నాయి, ఏవి సరిపోవట్లేదు అని ఒక్కొక్కటీ రాసుకుని మళ్ళీ చూడమంటే చాలావరకు సరిదిద్దుకున్నారు.

కేసులతో నేర్పడం మంచిదే. ఒకే కేసుతో ఆపితే మనం చెడగొట్టినవాళ్లమవుతాం.

ఓపీ గది | మంగళవారం ఉదయం 8:40

మంచి పాయింటు. అందుకే వచ్చే వారం ఇంకో బాలింత, ఇంకో దగ్గు. జవాబు గుండె కాదని ముందే చెప్పను. అవునని కూడా చెప్పను.

రాత్రి డ్యూటీ | మంగళవారం ఉదయం 9:00

ప్రాజెక్ట్ ఎకో పద్ధతిలో చేద్దామా? 2003లో న్యూ మెక్సికో యూనివర్సిటీలో సంజీవ్ అరోరా హెపటైటిస్ సి కోసం మొదలుపెట్టింది. దూరంగా ఉన్న జీపీలు వీడియోలో కలిసి తమ సొంత కేసులు పెట్టేవాళ్లు, స్పెషలిస్టు అందరి ముందూ ఆలోచించి చూపించేవాడు. 2011లో ఫలితాలు వేస్తే వైరస్ పోయినవాళ్లు జీపీల దగ్గర 58.2 శాతం, యూనివర్సిటీ క్లినిక్‌లో 57.5 శాతం. స్పెషలిస్టు చదివిన స్లైడ్లతో కాదు, జీపీ తెచ్చిన కేసుతో వచ్చిన ఫలితం.

ఇక్కడ ఒక కార్డియాలజిస్టు, ఒక పల్మనాలజిస్టు నెలకో గంట ఇస్తే చాలు. నేను ఇద్దరిని అడుగుతాను.

మోడరేటర్ | మంగళవారం ఉదయం 11:30

రెండు మాటలు. కేసు పెట్టేటప్పుడు తేదీలు, ఊరు, ఆస్పత్రి, ఫొటో, రిపోర్టు మీద నంబరు ఏవీ వద్దు. వయసు కూడా ఒకటి రెండేళ్లు జరపండి. అరుదైన జబ్బయితే పేషెంటు అనుమతి లేకుండా అసలు పెట్టొద్దు. రెండోది, ముందు చూసిన డాక్టర్లను ఎగతాళి చేసిన రెండు పోస్టులు తీసేశాను.

ఈ చర్చకి సీఎంఈ పాయింట్లు వస్తాయా అని నలుగురు మెసేజ్ పెట్టారు. రావు.

కొత్త స్టెత్ | మంగళవారం మధ్యాహ్నం 1:25

నోట్‌బుక్ కొన్నాను సార్. ఒక చిక్కు. శుక్రవారం ఫోన్ చేస్తే ఎవరూ ఎత్తకపోతే ఏం రాయాలి? బాగుందనా?

ఓపీ గది | మంగళవారం మధ్యాహ్నం 2:05

"తెలియదు" అని రాయి. "బాగుంది" అని మాత్రం రాయకు. తెలియనివి ఎన్నో విడిగా లెక్కపెట్టు. మొదట్లో సగానికి పైన అవే ఉంటాయి. నంబరు తీసుకునేటప్పుడే ఇంట్లో ఇంకొకరి నంబరు కూడా అడుగు, ఫోన్ చేస్తానని ముందే చెప్పి సరేనంటేనే రాసుకో.

మధ్యాహ్నం ఓపీ | మంగళవారం మధ్యాహ్నం 2:40

నా ఓపీలో ఫోన్లు నర్సు చేస్తుంది. మూడు ప్రశ్నలు కాగితం మీద రాసిచ్చాను: తగ్గిందా, ఇంకెక్కడైనా చూపించుకున్నారా, వాళ్లేం చెప్పారు. మూడోదానికి వచ్చే జవాబులు కాస్త గుచ్చుకుంటున్నాయి. కానీ రాస్తున్నాం.